గౌరయ్య చీటీ

గౌరయ్య పోయి అయిదేళ్ళయింది. అయినా నెలనెలా మేడ్చల్ వచ్చి ఇన్సులిన్ కొనుక్కుని పోతూనే ఉన్నాడు. మందుల షాపు అభిలాష్‌కు ఆ సంగతి బాగా తెలుసు. కాగితం మీద పేరుంది, పట్నం డాక్టరు సంతకముంది, ముద్ర ఉంది. మనిషి ఉన్నాడా లేడా అని చూడటం తన పని కాదని అతని లెక్క. "గౌరయ్య మంచిగున్నడా?" అని అడిగేవాడు, చీటీ వెనక్కి ఇస్తూ. "మంచిగనే ఉన్నడు" అనేవాళ్ళు తెచ్చినవాళ్ళు. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

శామీర్‌పేటలో వాళ్ళ గల్లీ మొత్తానికి ఆ చీటీ ఒక్కటే. గౌరయ్య ఫ్యాక్టరీలో వాచ్‌మన్. తొంభై కిలోల మనిషి. 1994లో పట్నంలో రాయించుకున్న ఆ కాగితం మడతల దగ్గర చినుగుతోందని మేడ్చల్‌లో జిరాక్స్ షాపుకు పోయి లామినేషన్ చేయించాడు. పాపం, ఆయన ప్రాణానికి అలాంటి తొడుగు దొరకలేదు గానీ చీటీ మాత్రం గట్టిపడింది. ఆయన తరవాత దాన్ని భార్య శంకరమ్మ బీరువాలో పెట్టుకుంది. ఎవరికి మందు కావాలన్నా ఆమె దగ్గర చీటీ తీసుకుపోయి, పని కాగానే తెచ్చి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు ఆమె తప్పకుండా అడిగేది, "ఏమన్నడు అభిలాషు?" అని. "అన్న మంచిగున్నడా అన్నడు వదినె" అని చెబితే ఆ పూట ఆమె ముఖం వెలిగిపోయేది.

ఆ చీటీ మీద బతికేవాళ్ళు నలుగురు. సాలేహా, రుక్కమ్మ, ఒక తాపీ మేస్త్రి, బడిలో వంట చేసే ఒకావిడ. నలుగురిదీ ఒకటే మోతాదు: పొద్దున ఇరవై నాలుగు గీతలు, రాత్రి పదహారు. గీతలంటే సూది గొట్టం మీద ఉండే నల్లటి గీతలు. మాత్రల అట్ట మీద పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని రాస్తే ఎవరికైనా అంతే కదా, ఇదీ అంతేనని వాళ్ళ నమ్మకం. మోతాదు మందుది, మనిషిది కాదు. పొద్దున పదకొండు గంటలకు నలుగురికీ దడ వచ్చేది. చేతులు వణికేవి, చెమటలు పోసేవి. అప్పుడు ఎక్కడి వాళ్ళక్కడ కొంగు ముడి విప్పి, జేబు తడిమి బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాళ్ళు. షుగరోళ్ళ చాయ్ టైం అని గల్లీలో దానికి పేరు కూడా పెట్టారు.

సాలేహాకు యాభై ఆరేళ్ళు. ఆరేళ్ళ కింద కాలి పుండు మానకపోతే ఊరి ఆర్ఎంపీ అంజయ్య చూసి, సూది మందు తప్పదన్నాడు. "గౌరయ్యది ఉన్నది గదా, గట్లనే తీస్కో" అన్నాడు. పుండు మానింది. ఇంకేం కావాలి? అలా ఆమె కూడా ఆ చీటీ కిందికి వచ్చింది. భర్త రషీద్ ద్రాక్ష తోటలు కౌలుకు పట్టేవాడు. తోటలన్నీ ప్లాట్లయ్యాక ఉన్న కాస్త భూమిలో కూరగాయలు పండిస్తున్నాడు. ఇద్దరికీ ఒకటే కోరిక, హజ్ చేయాలని. 2003లో హజ్ కమిటీ లాటరీలో వాళ్ళ పేర్లు వచ్చాయి. జనవరిలో విమానం.

డిసెంబరు మొదట్లో యాత్రికులకు పట్నంలో శిక్షణ పెట్టారు. కాబా చుట్టూ తవాఫ్ ఎలా చేయాలో, గుడారం ఎలా గుర్తుపట్టాలో అన్నీ చెప్పిన పెద్దాయన చివర్న ఉర్దూలో అన్నాడు, "సూది మందు వాడేవాళ్ళు వినండి. డాక్టరు చీటీ మీ దగ్గరుండాలి. పాస్‌పోర్టులో ఉన్న పేరే దాని మీద ఉండాలి. మందు పేరు, మోతాదు, సూదులు ఎన్ని, అన్నీ ఉండాలి. ఇక్కడ అడగరు కదా అని అక్కడ అడగరనుకోకండి. ఒక్కో దేశానిది ఒక్కో కానూన్. సూదులు ఆపేస్తే మేం చేయగలిగిందేమీ లేదు."

సాలేహా పాస్‌పోర్టులో గౌరయ్య అని లేదు మరి.

బస్సులో వస్తున్నంతసేపూ రషీద్ ధైర్యం చెప్పాడు. "గోటితోటి పోయేదానికి గొడ్డలెందుకు? అచారు డబ్బా కింద పెట్టుకుంటె ఎవడు సూస్తడు?"

"పట్టుకుంటె?"

"పట్టుకోరు."

"మందు లేకుంట నలభై దినాలు నేను బతుకుతనా?"



మర్నాడు ఆమె మేడ్చల్ పోయి అభిలాష్‌ను అడిగింది. అతను చాలా సులువుగా తేల్చేశాడు. "గిదేం పెద్ద పని చిన్నమ్మ. జిరాక్స్ తీస్తం, గౌరయ్య పేరు మీద తెల్లది పూస్తం, నీ పేరు రాస్తం, మళ్ళ జిరాక్స్ తీస్తం. అసలు దానికంటె మంచిగ కనపడ్తది."

తిరిగొచ్చి అంజయ్యను అడిగితే ఆయన తన చీటీల పుస్తకం తీసి, "ఏం రాయాల్నో సెప్పు, రాస్త" అని పెన్ను మూత కూడా తీశాడు. ఆయన చీటీ శామీర్‌పేట చెరువు కట్ట దాటితే చెల్లదని ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

సాలేహాకు కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. "అల్లా ఇంటికి దొంగ చీటీ పట్టుకొని పోవాల్నా? ఆడ నిలబడి నేను ఎవరినని చెప్పాలె? గౌరయ్యననా? నా పేరు మీద, నన్ను చూసి రాసిన చీటీ కావాలె. అదొచ్చినంకనే పోత. లేకుంటె పోను" అంది రాత్రి అన్నం దగ్గర. రషీద్ ముద్ద పట్టుకుని ఆమె వంక చూశాడు. ముప్పై ఏడేళ్ళ కాపురంలో అతనికి ఒకటి తెలుసు, సాలేహా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగోది ఉందని వాదించి ఇంతవరకూ గెలవలేదు.

మచ్చ బొల్లారంలో సుశీల అని ఒక డాక్టరమ్మ షుగరుకు బాగా చూస్తుందని ఎవరో చెప్పారు. సాలేహా పొద్దున్నే బస్సెక్కి పోయింది. డాక్టరమ్మ నడివయసు మనిషి, ముక్కు మీద కళ్ళజోడు, నోట్లో మాట సూటి.

"ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారమ్మా ఇన్సులిన్?"

"ఆరేండ్ల సంది."

"చీటీ ఏది?"

సాలేహా కొంగు చాటు నుంచి లామినేషన్ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గౌరయ్య ఎవరు?"

"మా గల్లీల అన్న. సచ్చిపోయిండు."

"చచ్చిపోయిన గౌరయ్య మోతాదు మీరు తీసుకుంటున్నారా?"

"నేనొక్కదాన్నే కాదమ్మా. మేం నలుగురం."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తరవాత మెల్లగా అడిగింది, "పొద్దున పూట మధ్యలో వణుకుడు, చెమటలు ఏమైనా వస్తాయా?"

"పదకొండు గంటలకు దడ వస్తది. అది షుగరోళ్ళందరికీ వస్తది గద. బెల్లం తింటె పోతది."

"అందరికీ అంటే?"

"మా నలుగురికీ."

"రేపు మీరు మామూలుగా సూది తీసుకుని, తిని, ఇక్కడికి రండి. పదకొండు దాకా నా కళ్ళ ముందు కూర్చోవాలి. నేను చెప్పేదాకా బెల్లం ముట్టుకోవద్దు."

"మరి చీటీ?"

"చూడకుండా రాస్తే అది కూడా గౌరయ్య చీటీయే అవుతుందమ్మా. నాకు వారం రోజులు కావాలి."

వారం రోజులంటే ఏడు పూటలు బస్సు, ఏడు పూటలు కూరగాయల బేరం రషీద్ మీద పడటం, ఎదురుగా క్యాలెండరు మీద జనవరి. సాలేహా మారు మాట్లాడకుండా, "వస్త" అంది.

మర్నాడు పదకొండుకు ముందే చేతులు వణికాయి. డాక్టరమ్మ వేలికి సూది గుచ్చి చుక్క రక్తం మిషను మీద పెట్టింది. షుగరు యాభై ఒకటి, డెబ్బైకి తగ్గకూడదు. వెంటనే గ్లాసెడు చక్కెర నీళ్ళు తాగించి, ఆమె తేరుకున్నాక కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"మీకు వచ్చేది రోగం వల్ల వచ్చే దడ కాదు. మందు ఎక్కువై వచ్చే దడ. తొంభై కిలోల మనిషి మోతాదు మీరు తీసుకుంటున్నారు. మీరు ఎంత ఉన్నారో తెలుసా? యాభై ఎనిమిది. రోజూ పదకొండింటికి ప్రాణం అంచు దాకా పోయి బెల్లం ముక్క పట్టుకుని వెనక్కి వస్తున్నారు. ఒక రోజు ఆ ముక్క అందకపోతే?"

సాలేహాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. ఆరేళ్ళు! పదకొండింటి దడను ఆమె ఎన్నిటి మీదికో తోసింది. నీరసమనుకుంది, దిష్టి అనుకుంది, వయసు అనుకుంది. రంజాన్‌లో ఒకసారి పడిపోతే తన నియ్యత్‌లోనే, సంకల్పంలోనే లోపముందని ఏడ్చింది కూడా. ఇప్పుడు చూస్తే లోపమంతా గొట్టం మీద ఎక్కువైన గీతలది. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

రోజూ రెండు మూడు గీతలు తగ్గిస్తూ, వేలు గుచ్చి చూస్తూ, డాక్టరమ్మ నాలుగో రోజుకు పొద్దున పద్నాలుగు, రాత్రి ఎనిమిది దగ్గర ఆపింది. అయిదో రోజు పదకొండయింది, పన్నెండయింది, దడ రాలేదు. సాలేహా కుర్చీలో కూర్చుని తన చేతులను తానే చూసుకుంది. అవి కదలకుండా ఒళ్ళో ఉన్నాయి. ఆమెకు గొప్ప సంతోషమేసింది.

ఏడో రోజు డాక్టరమ్మ కాగితం తీసి, పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి రాసింది. సాలేహా బేగం. వయసు. మందు పేరు. సీసా బలం నలభై. పద్నాలుగు, ఎనిమిది. సూదులు వంద. రాసి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

"ఇప్పుడు నేను చెప్పేది వినండి. కొన్ని దేశాల్లో మందు ఊరికే ఇస్తారు, సూదికి చీటీ అడుగుతారు. కొన్ని చోట్ల సూది ఇస్తారు, మందుకు అడుగుతారు. మన దగ్గర రాసి ఉన్న కానూను ఒకటి, నడిచే కానూను ఒకటి. అదంతా ఈ కాగితం చూసుకుంటుంది. కాగితం చూసుకోలేనిది ఒకటుంది. మీ సీసా పగిలిందనుకోండి, అక్కడ షాపుకు పోయి ఏమని అడుగుతారు?"

"పద్నాలుగు గీతల మందు ఇయ్యమంట."

"అదిగో, అక్కడే ప్రాణం పోతుంది." డాక్టరమ్మ సొరుగులోంచి రెండు సూదులు తీసి పక్కపక్కన పెట్టింది. ఒకదానికి ఎర్ర మూత, ఇంకోదానికి నారింజ మూత. "మన సీసా మీద నలభై అని ఉంటుంది. దానికి ఎర్ర మూత సూది. అక్కడి సీసా మీద వంద అని ఉంటుంది. అన్నే నీళ్ళలో రెండున్నర రెట్లు మందు. ఆ సీసాలో మీ ఎర్ర మూత సూది పెట్టి పద్నాలుగు గీతలు లాగితే లోపలికి పోయేది ముప్పై అయిదు. గౌరయ్య కంటే ఎక్కువ. గీత అనేది సూదిది. మీ మోతాదు యూనిట్లు. ఆ మాట అనండి."

"పద్నాలుగు యూనిట్లు."

"సీసా మారితే?"

"సూది మార్వాలె."

"వంద సీసాకు?"

"నారింజ మూత. నలభైకి ఎర్ర మూత. ఒకదాని సూది ఇంకోదాంట్ల పెట్టొద్దు."

అలా మూడుసార్లు చెప్పించుకున్నాకే చీటీ ఇచ్చింది. సాలేహా లేచి రెండు చేతులతో తీసుకుంది. చదవడం పెద్దగా రాదు గానీ తన పేరు ఆమె గుర్తుపట్టగలదు. బస్సులో దాన్ని నాలుగుసార్లు విప్పి చూసుకుంది.

గల్లీలో అడుగు పెట్టేసరికి రుక్కమ్మ ఎదురొచ్చింది. అరవై అయిదేళ్ళ ముసలిది, వెదురు బద్దలాగ సన్నగా ఉంటుంది. "కొత్త చీటీ వచ్చిందట గద సాలేహా? జల్దీ లామినేషన్ జేపియ్యి. గౌరయ్యది పాతబడ్డది, అభిలాషు గుడ సతాయిస్తుండు. ఇప్పటి సంది నీ పేరు మీద తెచ్చుకుందం" అంది ఎంతో ఆశగా.

"వద్దక్క. గిది నా ఒంటి చీటీ. నీది నువ్వు రాపిచ్చుకోవాలె. గౌరయ్యది గుడ ముట్టకు, అది మనల్ని సంపుతాంది." సాలేహా బెల్లం సంగతి, గీతల సంగతి అన్నీ చెప్పింది.

రుక్కమ్మ ముఖం చిన్నబోయింది. "హజ్జుకు పోకముందే గింత మారితివా? చీటీ ఇయ్యనంటె ఇయ్యనను. సచ్చినోని మీద మాటలెందుకు?" అని వెళ్ళిపోయింది. ఆ మాట శంకరమ్మ చెవిన పడటానికి ఎంతసేపు? మేస్త్రి, వంటావిడ భయపడి డాక్టరమ్మ దగ్గరికి పోయి వచ్చారు గానీ, శంకరమ్మ మాత్రం సాలేహాతో మాట్లాడటం మానేసింది. "నా మొగని చీటీ మీద ఆరేండ్లు బతికి, ఇయ్యాల విషమంటదా" అని అరుగు మీద కూర్చుని అందరూ వినేలా అనేది. రుక్కమ్మ పౌరుషానికి ఇరవై నాలుగు గీతలూ పట్టుగా తీసుకుంటూనే ఉంది.

హజ్‌కు పోయేవాళ్ళు బయల్దేరే ముందు ఇల్లిల్లూ తిరిగి, అన్నదీ విన్నదీ మాఫ్ చేయమని అడగాలి. ఎవరి మనసులోనైనా ముల్లు మిగిలితే యాత్ర బరువెక్కుతుందంటారు. ఎల్లుండి విమానమనగా సాలేహా ఆ పని మీద బయల్దేరింది. అందరిళ్ళూ అయ్యాయి. శంకరమ్మ ఇల్లు మిగిలింది. పోకుండా ఉందామా అని ఒక్క క్షణం అనిపించింది. పోవలసిందే అనుకుంది.

శంకరమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. పక్కన రుక్కమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సాలేహా కింద మెట్టు మీద నిలబడింది.

"వదినె, ఎల్లుండి పోతున్న. నేను అన్నది, నువ్వు విన్నది, మాఫ్ జెయ్యి."

శంకరమ్మ చేట ఆపలేదు. "నా మొగని పేరు గంగల కలిపినవు. ఏం మాఫీ?"

"అన్న మంచోడు వదినె. చీటీ ఆయనకు మంచిగనే పనిజేసింది. అది ఆయన ఒంటికి రాసింది. మన ఒంటికి కాదు. గంతే నేనన్నది. గా మాట మాత్రం వాపసు తీస్కోను. మిగిలినయన్నీ మాఫ్ జెయ్యి."

"సూడు రుక్కమ్మ, మాఫీ అడుగుడు గుడ ఎంత పొగరుగ..." అని శంకరమ్మ పక్కకు తిరిగింది. రుక్కమ్మ జవాబు చెప్పలేదు. ఆమె చేయి కొంగు ముడి మీద ఉంది. వేళ్ళు ముడి విప్పబోతున్నాయి, విప్పలేకపోతున్నాయి. ముఖమంతా చెమట. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ చూడటం లేదు. చూస్తుండగానే పక్కకు ఒరిగిపోయింది.

"చక్కెర తే వదినె! జల్దీ!" సాలేహా ఒక్క గంతులో అరుగెక్కి రుక్కమ్మను పక్కకు తిప్పి పట్టుకుంది. శంకరమ్మ చేట విసిరి లోపలికి పరిగెత్తి డబ్బా తెచ్చింది. నీళ్ళు పోస్తే గొంతుకు అడ్డం పడతాయని డాక్టరమ్మ చెప్పింది. సాలేహా తడి వేలితో చక్కెర అద్ది దవడ లోపల రాసింది. మళ్ళీ రాసింది. మళ్ళీ రాసింది. "రుక్కమ్మక్కా, మింగు. మింగు అక్కా." ఎంతకూ ఉలుకూ పలుకూ లేదు. సాలేహా రాస్తూనే ఉంది. ఆమె చేయి ఆగలేదు, నోరు ఆగలేదు. పావుగంటకు రుక్కమ్మ దవడ కదిలింది. ఇంకాసేపటికి కళ్ళు తిప్పి, "బెల్లం... ముడి రాలే" అంది.

ముగ్గురి చుట్టూ బియ్యం చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. శంకరమ్మ చాలాసేపు రుక్కమ్మ కాళ్ళు ఒత్తుతూ కూర్చుంది. తరవాత లేచి లోపలికి పోయి చీటీ తెచ్చింది. చింపబోయింది. లామినేషన్ చినగలేదు. పళ్ళతో పట్టి లాగింది, లొంగలేదు. చివరికి వంటింట్లోంచి కత్తిపీట తెచ్చి దాని మీద పెట్టి, ఏడుస్తూ, రెండుగా కోసింది.

"ఆయన బతికున్నన్ని దినాలు ఎవల్నీ ఒక దెబ్బ గుడ కొట్టలే సాలేహా" అంది. "నువ్వు నన్ను మాఫీ అడుగుడు కాదు. ఆయన తరఫున నేను అడుగుతున్న. మాఫ్ జెయ్యి."

సాలేహా ఆమె చేతులు పట్టుకుంది. ఇద్దరూ కాసేపు అలాగే ఏడ్చారు. తరవాత సాలేహా కళ్ళు తుడుచుకుని, "రేపు పొద్దుగాల ఏడున్నర బస్సుకు రుక్కమ్మక్కను డాక్టరమ్మ తాన తీస్కపోత. ఎల్లుండి గద విమానం, ఇంకొక దినం ఉన్నది" అంది.

"రేపు మీ ఇంటికి సుట్టాలు రారా నిన్ను సాగనంప?"

"వస్తరు. రషీద్ చాయ్ పోస్తడు."

"ఒక్క దినానికి ఏమయితది? నీకు ఏడు దినాలు పట్టలేదా?" శంకరమ్మ ముక్కు చీది, కోసిన ముక్కలు రెండూ కొంగులో వేసుకుంది. "నువ్వు సక్కగ పో. నేను తీస్కపోత దీన్ని, ఏడు దినాలు. చీటీ రాపిచ్చి మేడ్చల్ గుడ నేనే తీస్కపోత. మందుల షాపుల ఇన్నేండ్లు నా మొగని పేరు పిలిచిన్రు. ఇగ రుక్కమ్మ పేరు పిలువనియ్యి."